తోడేలు పెళ్ళికొడుకులు, ఎలుగుబంటి అల్లుళ్ళు: నవ్వించే కథలు ఏరుకోవడం ఎలా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. విజయవాడలో ఉద్యోగం, రోజూ రైల్లో వెళ్ళొస్తుంటాను. రూపం మార్చుకునే మనుషుల ప్రేమకథలంటే నాకు భలే ఇష్టం. పగలు బేకరీ నడుపుకుంటూ రాత్రి ఎలుగుబంటిగా మారే హీరో, పిల్లిగా మారి పక్కింటి కిటికీలో కూర్చునే హీరోయిన్, అలాంటివన్నమాట. నవ్వుకుంటూ చదువుకునేవే కావాలి. మొదట్లో ఒకటి రెండు మంచివి దొరికాయి. తర్వాత రీల్స్‌లో ప్రకటన చూసి ఒక యాప్‌లో తోడేలు కథ మొదలుపెట్టాను. 140 అధ్యాయాలైనా తేలలేదు. హీరోయిన్ ఏడుస్తూనే ఉంది, నా డబ్బులు పోతూనే ఉన్నాయి. ఇంకోచోట ఒక సిరీస్ కొంటే అది ఏడో పుస్తకమట, ఎవరు ఎవరో అర్థం కాలేదు. ఈమధ్య ఏది చదివినా ఒకేలా ఉంటోంది. పైగా మా అత్తయ్య "జంతువుతో పెళ్ళేంటే, విడ్డూరం కాకపోతే" అంటున్నారు. మంచివి ఎలా ఏరుకోవాలి? నా ఇంగ్లీషు చదువు కొంచెం నెమ్మది.

జవాబు: మీరు ఇష్టపడిన రకం ఒకటి, ఆ యాప్‌లో మీకు తగిలిన రకం ఇంకొకటి. రెండింట్లోనూ తోడేళ్ళే ఉంటాయి, రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతారు, చిక్కంతా అక్కడే వచ్చింది. మీ అభిరుచిని మాత్రం అనుమానించుకోకండి. ఏరుకోవడం తెలిస్తే ఈ కథల్లో నవ్వుకి కొదవలేదు.

ముందు యాప్ సంగతి తేల్చేద్దాం. అలాంటి చోట్ల కథని అధ్యాయాల లెక్కన అమ్ముతారు. మొదటి కొన్ని ఉచితం, అక్కణ్ణించి ఒక్కోదానికీ కాయిన్లు. అమ్మకం జరిగేది అధ్యాయం చివర కాబట్టి, ప్రతి అధ్యాయం చివరా ఏదో ఒక ఉపద్రవం వచ్చి పడాలి. హీరో అనుమానించాలి, సవతి తల్లి విషం పెట్టాలి, పెళ్ళి పీటల దగ్గర ఇంకొకర్తె ప్రత్యక్షం కావాలి. సరదా కథ ఇలా బతకదు. ఇద్దరూ తీరిగ్గా వంటింట్లో నిలబడి మాటకు మాట విసురుకునే చోట అది నవ్విస్తుంది. అలాంటి చోట అధ్యాయం ముగిస్తే పాఠకురాలు హాయిగా నవ్వుకుని ఫోన్ పక్కన పెట్టేస్తుంది, కాయిన్ కొనదు. కాబట్టి అక్కడ సరదా కథ దొరకకపోవడానికి రాసేవాళ్ళ చేతగానితనం కారణం కాదు, అమ్మే పద్ధతే అలాంటిది. 'రిజెక్టెడ్ మేట్' అని ఒక రకం ఉంది. నలుగురిలో హీరో ఆమెని కాదంటాడు, ఆ తర్వాత వందల అధ్యాయాలు ఆమె కన్నీళ్ళు, అతని పశ్చాత్తాపం. ఆ పద్ధతికి ఈ రకం చక్కగా సరిపోతుంది. రీల్స్‌లో తిరిగే ప్రకటనల్లో మీకు ఎక్కువగా కనిపించేది ఇదే.

యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ప్లే స్టోర్ తెరిచి, పైన మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, 'పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్' లోకి వెళ్ళి అక్కడ రద్దు చెయ్యండి. ఫోన్‌పే గానీ గూగుల్ పే గానీ వాడుతుంటే అందులో 'ఆటోపే' అనే చోట కూడా ఒకసారి చూడండి. డబ్బు లాక్కునే అనుమతి ఇంకా మిగిలి ఉంటే అక్కడ కనిపిస్తుంది.

ఇకనుంచి మొత్తం పుస్తకంగా వచ్చినవే తీసుకోండి. ఒక్క ధరకి మొదలూ ముగింపూ రెండూ చేతికొస్తాయి. ఈ రకం నవలలు మామూలుగా 50 వేల నుంచి 80 వేల పదాలుంటాయి. నవలిక అయితే 20 వేల నుంచి 40 వేలు. మీరు నెమ్మదిగా నిమిషానికి 150 పదాలే చదువుతారనుకుందాం. 30 వేల పదాల నవలిక మూడు గంటలా ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. రైల్లో వెళ్ళేటప్పుడొక ముప్పావుగంట, వచ్చేటప్పుడొక ముప్పావుగంట చదివినా మూడో రోజుకి అయిపోతుంది. 70 వేల పదాల నవలకి ఐదారు రోజులు. అందుకే మొదటి నెల నవలికలే పట్టుకోండి. నచ్చకపోయినా పోయేది రెండు రోజులే, నచ్చితే ఆ రచయిత పెద్ద నవలలు ఎలాగూ ఉంటాయి.

ఆన్‌లైన్‌లో పుస్తకం అమ్మే పేజీలో ఇచ్చిన వివరణలో కొన్ని మాటలు వెతకాలి. 'రామ్‌కామ్', 'స్మాల్ టౌన్', 'కోజీ', 'లో యాంగ్‌స్ట్' అని ఉంటే మీకు కావలసిన దిక్కే. 'హెచ్‌ఈఏ' అని ఉంటే చివరికి ఇద్దరూ ఒకటవుతారని రచయిత మాటిచ్చినట్టు. 'నో క్లిఫ్‌హ్యాంగర్' అంటే కథ సగంలో ఆపరు. 'డార్క్', 'బుల్లీ', 'క్యాప్టివ్', 'రిజెక్టెడ్' అనే మాటలు కనిపిస్తే, ఎంత మంచి పుస్తకమైనా అది మీ పుస్తకం కాదు. అట్టని పూర్తిగా నమ్మకండి. లేత రంగుల్లో బొమ్మ గీసి ఉంటే తేలిక కథ అని ఒకప్పుడు గట్టిగా చెప్పగలిగేవాళ్ళం. ఇప్పుడు బరువైన కథలకీ, పడకగది సీన్లు దండిగా ఉన్నవాటికీ అవే బొమ్మలు వేస్తున్నారు. నల్ల అట్ట మీద ముళ్ళు, సంకెళ్ళు, నెత్తురు మరకలు ఉంటే మాత్రం నిస్సందేహంగా పక్కన పెట్టొచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. 'సరదా' అన్న మాట కథ ధోరణి గురించి చెబుతుంది, పడకగది తలుపు గురించి చెప్పదు. కడుపుబ్బ నవ్వించే పుస్తకంలోనే మూడు అధ్యాయాలు పెద్దలకి మాత్రమే అన్నట్టు ఉండొచ్చు. అవి వద్దనుకుంటే 'స్వీట్', 'క్లీన్', 'క్లోజ్డ్ డోర్' అనే మాటలు చూసుకోండి. కావాలనుకుంటే 'స్పైసీ', 'స్టీమీ'. ఏది చదవాలన్నది మీ ఇష్టం. ఇంట్లో పిల్లలు కూడా అదే ట్యాబ్ వాడుతుంటే మాత్రం వాళ్ళకి వేరే ప్రొఫైల్ పెట్టండి. బొచ్చు పిల్లి బొమ్మ చూసి పిల్లల కథ అనుకుని తెరిచే ప్రమాదం ఉంది.

సమీక్షల్లో మూడు చుక్కలవి (త్రీ స్టార్) ముందు చదవండి. ఐదు చుక్కల వాళ్ళు మురిసిపోతారు, ఒక్క చుక్క వాళ్ళు మండిపడతారు. మూడు చుక్కల వాళ్ళే "మొదటి సగం నవ్వించింది, తర్వాత కిడ్నాప్ గొడవ మొదలైంది" లాంటి పనికొచ్చే ముక్క రాస్తారు. ఆ కిడ్నాప్ ముక్కే మీకు కావలసింది. ఈ రకంలో ఎక్కువగా గాడి తప్పేది అక్కడే. 60 శాతం దాకా చక్కగా నడిచిన కథలో, ఏదో ఒక పోరాటం లేకపోతే బాగుండదని భయపడి రచయిత శత్రు ముఠాని దించుతాడు. అక్కణ్ణించి నవ్వు మాయం. ఇద్దరు ముగ్గురు సమీక్షకులు ఇదే మాట అన్నారంటే వదిలెయ్యండి.

ఇవన్నీ బయటి గుర్తులు. అసలు పరీక్ష శాంపిల్‌లో ఉంది. అమెజాన్ వాళ్ళ ఈ-పుస్తకాల కిండిల్‌లో కొనకముందు మొదటి భాగం ఉచితంగా ఇస్తారు, సుమారు పుస్తకంలో పదో వంతు. 70 వేల పదాల నవలకి అది 7 వేల పదాలు. గుంటూరులో రైలెక్కి మొదలుపెడితే విజయవాడలో దిగేసరికి దాదాపు అయిపోతుంది. చదువుతున్నంతసేపూ మనసులో ఒకే ప్రశ్న పెట్టుకోండి: ఇందులోంచి జంతువుని తీసేసి, హీరోని మామూలు డబ్బున్న కుర్రాణ్ణి చేస్తే కథలో ఏమైనా మారుతుందా? ఏమీ మారదనిపిస్తే కొనకండి. అది ధనవంతుడి కథే, తోలు కప్పారంతే. మారితే, అంటే అతని తిండీ నిద్రా మాటా మర్యాదా ప్రేమించే తీరూ అన్నిట్లోకీ ఆ జంతువు చొరబడి ఉంటే, మీరు వెతికేది దొరికినట్టే.

ఎలుగుబంటినే తీసుకోండి. చల్లని దేశాల ఎలుగులు చలికాలం ముందు రోజుకి ఇరవై గంటల దాకా తింటూనే ఉంటాయి, ఆ కొవ్వుతోనే నెలల తరబడి ఏమీ తినకుండా గుహలో పడుకుంటాయి. ఈ సంగతి తెలిసిన రచయిత బేకరీ ఎలుగు కథని అక్టోబరులో మొదలుపెడతాడు. అమ్మకానికి చేసిన దాల్చినచెక్క బన్నుల్లో సగం హీరోనే తినేస్తుంటాడు, లెక్కలు చూడ్డానికి వచ్చిన అమ్మాయికి సరుకు ఎటు పోతోందో అంతుపట్టదు. ఆమె దొంగని పట్టుకోవడానికి రాత్రి కాపు కాస్తుంది. డిసెంబరు వచ్చేసరికి పాపం అతనికి కళ్ళు మూతలు పడుతుంటాయి, పెళ్ళిచూపులకి అదే ముహూర్తం. జంతువు తీసేస్తే ఇందులో ఒక్క సీనూ మిగలదు. తెలియని రచయిత చేతిలో అదే ఎలుగు గుర్రుమంటుంది, భుజాలు వెడల్పుగా ఉంటాయి, అంతటితో సరి. మన నల్లమల ఎలుగు మాత్రం చలికాలమంతా పడుకోదు. ఎవరైనా మన అడవి నేపథ్యంలో చలి నిద్ర రాస్తే అక్కడ ఆగి అనుమానించొచ్చు.

సింహాలు రోజులో ఇరవై గంటల దాకా పడుకుంటాయి, వేటలో ఎక్కువ పని ఆడసింహాలదే. కాబట్టి మంచి సింహం కథలో హీరో అందగాడు, బద్ధకస్తుడు. అతని అక్కచెల్లెళ్ళే ఊరంతా నడిపిస్తుంటారు, కొత్త కోడలిగా వచ్చే అమ్మాయికి అసలు పరీక్ష వాళ్ళ దగ్గరే. సముద్రపు నీటికుక్కలు తమకి నచ్చిన రాయిని చంక కింద దాచుకుని తిరుగుతాయి. ఆ అలవాటున్న హీరో కోటు జేబులో ఎప్పుడూ ఒక గులకరాయి ఉంటుంది, దాన్ని తీసి ఆమె చేతిలో పెట్టాడంటే ప్రేమ ప్రకటన అయిపోయినట్టే. మాటల కంటే ఇది ఎంత బాగుందో చూడండి. పిల్లి కథల్లో అయితే ప్రేమని ఒప్పుకోకపోవడంలోనే హాస్యమంతా. బల్ల మీద గ్లాసు తోసేస్తుంది, ఒళ్ళో కూర్చుంటుంది, అడిగితే అటు తిరుగుతుంది. మన కృష్ణా ముఖద్వారం మడ అడవుల్లో చేపలు పట్టుకు బతికే బావురుపిల్లి ఉంది. అలాంటి హీరో పెళ్ళికూతురు గుమ్మంలో రోజూ తెల్లవారుజామున ఒక కొర్రమేను పెట్టి పోతే ఎలా ఉంటుంది? తెలుగులో రాసే ఉత్సాహం ఉన్న పాఠకులు ఈ దిక్కు చూడాలని గట్టిగా కోరుకుంటున్నాం.

తోడేళ్ళ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ రకంలో ఎక్కువగా కనిపించేది తోడేళ్ళే. 'ఆల్ఫా' అనే మాట మీకు తెలుసు. గుంపుకి నాయకుడు, అతను అన్నదే చట్టం. ఈ ఊహ బోనులో ఉంచిన తోడేళ్ళని చూసి పుట్టింది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో తోడేళ్ళని గమనించి రుడాల్ఫ్ షెంకెల్ 1947లో రాశాడు. అమెరికన్ శాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1970లో వేసిన పుస్తకంతో అది లోకమంతా పాకింది. అడవిలో ఏళ్ళ తరబడి తోడేళ్ళని చూశాక, 1999లో ఆ మెక్ గారే అది సరికాదని రాశారు. అడవిలో తోడేళ్ళ గుంపంటే అమ్మా నాన్నా పిల్లలూ, అంతే. కొట్లాడి కుర్చీ గెలిచినవాళ్ళు కారు, కన్నవాళ్ళు కాబట్టి పెద్దవాళ్ళు.

ఇది మీ ఏరివేతకి నేరుగా పనికొస్తుంది. ఆల్ఫాని నియంతలా రాసినవాళ్ళ కథ బరువెక్కుతుంది, అతను ఆజ్ఞాపిస్తాడు, ఆమె లొంగుతుంది లేదా ఏడుస్తుంది. గుంపుని కుటుంబంగా రాసినవాళ్ళ కథ నవ్విస్తుంది. హీరో ఒకమ్మాయికి కాఫీ ఇప్పించాడని తెలిసిన గంటలో పిన్నులూ బాబాయిలూ బావమరుదులూ ఆ కాఫీ షాపు ముందు ఏదో పని ఉన్నట్టు తిరుగుతుంటారు. వాసన పసిగట్టే ముక్కులు కదా, అబ్బాయి చొక్కాకి అంటిన పరిమళాన్ని బట్టి అమ్మాయి ఏ సబ్బు వాడుతుందో కూడా అమ్మమ్మ చెప్పేస్తుంది. ఉమ్మడి కుటుంబంలో పెరిగిన తెలుగు పాఠకులకి ఇంతకంటే దగ్గరి కథ ఏముంటుంది! శాంపిల్‌లో ఇద్దరు ముగ్గురు చుట్టాలు ఇలా తలదూర్చారంటే కళ్ళు మూసుకుని కొనండి.

'ఫేటెడ్ మేట్' అనే సంగతి కూడా జాగ్రత్తగా చూడాలి. విధి రాసిపెట్టిన జోడీ, వాసన తగలగానే అతనికి తెలిసిపోతుంది. చెత్త పుస్తకంలో ఇది వచ్చాక ప్రేమించే పనే ఉండదు, "నువ్వు నా జోడీవి, పద" అంటాడు. మంచి పుస్తకంలో అతనికి తెలుస్తుంది, ఆమెకి తెలియదు. పైగా మామూలు మనిషి కాబట్టి ఎప్పటికీ ఆ వాసన తగలదు. అందుకని అతను మనుషుల పద్ధతిలో మొదట్నుంచీ మెప్పించుకు రావాలి, ఆ పాట్లే నవ్వు. శాంపిల్‌లో ఆమె ఒక్కసారైనా "కుదరదు" అందా, అన్నప్పుడు అతను ఏం చేశాడు చూడండి. వెనక్కి తగ్గి, బుర్ర గోక్కుని, ఇంకో దారి వెతికితే మంచిది. దారికి అడ్డం నిలబడితే ఆ పుస్తకంతో మీకు పని లేదు.

మారే తీరుకి నియమాలు కూడా ఉండాలి. పాత భయానక కథల వేర్‌వుల్ఫ్ (తోడేలు మనిషి) కాటు వల్ల అలా అవుతాడు, పున్నమికి తన చేతుల్లో లేకుండా మారిపోతాడు, వెండికి చస్తాడు. ఈ ప్రేమకథల షిఫ్టర్, అంటే రూపం మార్చుకునే మనిషి, ఎక్కువగా పుట్టుకతోనే అలాంటివాడు, ఇష్టమైనప్పుడు మారతాడు, మనసు మనిషిదే ఉంటుంది. తేలికగా కనిపించినా బట్టల సంగతి చూస్తే రచయిత శ్రద్ధ తెలిసిపోతుంది. ఎలుగుగా మారితే చొక్కా చిరగాలి కదా? తిరిగి మనిషైనప్పుడు ఒంటి మీద ఏముంటుంది? ఆలోచించిన రచయిత కారు డిక్కీలో ఒక జత, చెట్టు తొర్రలో ఒక జత దాచిపెట్టిస్తాడు, ఆ తొర్రలో బట్టలు ఎవరో ఎత్తుకెళ్ళిన రోజు గొప్ప సీను పుడుతుంది. ఆలోచించని రచయిత చేతిలో హీరో పొదలోంచి ప్యాంటుతో నడిచొస్తాడు. 80 కిలోల మనిషి 300 కిలోల ఎలుగెలా అయ్యాడు, 4 కిలోల పిల్లిలోకి ఎలా ఇమిడాడు అన్నదానికి మాత్రం జవాబు అడక్కండి. అది మాయ, దాన్ని ఒప్పుకునే ఈ పుస్తకం తెరుస్తాం. కానీ ఒకసారి పెట్టిన నియమం చివరిదాకా నిలబడాలి. మూడో అధ్యాయంలో మారితే విపరీతమైన ఆకలి అని చెప్పి, ఇరవయ్యో అధ్యాయంలో పదిసార్లు మారినా ఆకలి లేదంటే చదివేవాళ్ళకి పట్టు జారిపోతుంది.

సిరీస్ గందరగోళానికి మందు సులువు. ఇవి ఎక్కువగా ఒకే ఊరు, ఒకే గుంపు, పుస్తకానికో జంట అన్నట్టు నడుస్తాయి. పేరుకి ఏ పుస్తకానికాపుస్తకం విడిగా చదవొచ్చంటారు. నిజానికి నాలుగైదు దాటాక పాత జంటలన్నీ పిల్లాపాపలతో పండక్కి దిగుతాయి, ఏడోదానిలో మీరు తప్పిపోవడం సహజమే. కొనేముందు పుస్తకం పేజీలో 'బుక్ 1' అని ఉందేమో చూసుకోండి. 0.5 అని అంకె వేసిన నవలిక ఉంటే దానితో మొదలుపెట్టకండి. కథాకాలం ముందుదే అయినా చాలాసార్లు అభిమానుల కోసం తర్వాత రాసిందై ఉంటుంది, అందులో సగం సరదా ముందే వాళ్ళని ఎరిగుంటేనే తెలుస్తుంది. 1, 2, తర్వాత 2.5, ఇలా అంకెల వరసలో వెళ్ళండి, 0.5ని మూడో పుస్తకం తర్వాత చదువుకోండి. అచ్చు పుస్తకం పట్టుకుంటేనే చదివినట్టుంటుంది అనుకుంటే లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల కొట్లలోనో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలోనో వెతకొచ్చు. కాకపోతే అక్కడ సిరీస్‌లో ఏదో ఒక ముక్కే దొరుకుతుంది. లోపలి మొదటి పేజీల్లో ఆ సిరీస్ పుస్తకాల పట్టీ ఉంటుంది, అది చూసి మీ చేతిలో ఉన్నది ఎన్నోదో తేల్చుకున్నాకే బేరమాడండి.

అన్నీ ఒకేలా ఉంటున్నాయన్నారు. వరసగా ఒకే రచయితని చదివితే ఎవరికైనా అంతే. ప్రతి రచయితకీ చేతికి అలవాటైపోయిన మాటలు కొన్ని ఉంటాయి. హీరో ఒంటి మీద ఎప్పుడూ దేవదారు వాసనే, హీరోయిన్ ఎప్పుడూ ఏదో ఒకటి తట్టుకుని పడేదే. మొదటి పుస్తకంలో ముద్దొచ్చేది నాలుగోదాంట్లో చిరాకు పుట్టిస్తుంది. ఒక రచయితవి రెండే చదివి మారండి. జంతువుని కూడా మార్చండి, తోడేలు తర్వాత తోడేలు వద్దు. రెండు షిఫ్టర్ కథల మధ్య పూర్తిగా వేరే రుచి ఒకటి పెట్టండి, డిటెక్టివ్ నవలైనా సరే, మన కథల సంపుటమైనా సరే. ఐదారు పుస్తకాల బాక్స్ సెట్ చవగ్గా వస్తుందని కొంటే కొనండి గానీ ఏకబిగిన చదవకండి. ఫోన్ నోట్స్‌లో ప్రతి పుస్తకానికీ మూడు ముక్కలు రాసుకోండి: ఏ జంతువు, నిజం ఎప్పుడు చెప్పాడు, ఏ సీనుకి నవ్వొచ్చింది. పది పుస్తకాలయ్యేసరికి మీ రుచి మీకే స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ రెండో ముక్క, నిజం ఎప్పుడు చెప్పాడన్నది, ఊరికే పెట్టలేదు. ఈ కథలకి వెన్నెముక అదే. "నేను మనిషిని మాత్రమే కాదు" అని చెప్పే సీను పుస్తకం సగంలోపు వస్తే, మిగతా సగం ఇద్దరూ కలిసి ఆ సంగతితో కాపురం చెయ్యడం నేర్చుకుంటారు, అక్కడ హాస్యం పండుతుంది. ముప్పాతిక వంతు దాకా దాచిపెడితే అంతసేపూ అబద్ధాల మీద అబద్ధాలు, బయటపడ్డాక ఆమె కోపం న్యాయం, దాన్ని తీర్చడానికి పేజీలు చాలవు. హడావుడిగా ఒక ప్రమాదం తెచ్చి కలిపేస్తారు. తేలిక కథ కావాలంటే తొందరగా నిజం చెప్పే హీరోనే వెతుక్కోండి.

ఇంగ్లీషు గురించి బెంగపడకండి. ఈ కథల భాష తేలిక, ఒకే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. షిఫ్ట్ అంటే మారడం, ప్యాక్ తోడేళ్ళ గుంపు, ప్రైడ్ సింహాల గుంపు, డెన్ అంటే గుహ లేదా ఇల్లు, కబ్, పప్ అంటే పిల్లలు. గ్రౌల్, స్నార్ల్ రెండూ గుర్రుమనడమే, పర్ మాత్రం పిల్లి మురిపెంగా చేసే చప్పుడు. వాలుగా అచ్చేసిన అక్షరాలు కనిపిస్తే అవి చాలాసార్లు లోపలి జంతువు మాటలు. మనిషి మర్యాదగా "కాఫీ తాగుతారా" అంటుంటే లోపల ఎలుగు "ఆమెకి చేప పెట్టు" అని పోరుతుంటుంది. ఇది గమనించకుండా గబగబా చదివితే సగం నవ్వు జారిపోతుంది. ఇవి తప్ప తెలియని మాట వచ్చిన ప్రతిసారీ నిఘంటువు తెరవకండి. అదే మాట ఒకే పేజీలో రెండోసారి అడ్డం పడితే అప్పుడు నొక్కి చూడండి.

ఇక అత్తయ్యగారు. ముందు ఆవిడ అపోహ తీర్చండి. సరదా రకంలో ప్రేమా పెళ్ళీ కాపురం అన్నీ మనిషి రూపంలోనే, జంతువు రూపం పరుగుకీ కాపలాకీ అల్లరికీ. తర్వాత ఆవిడకి బాగా తెలిసిన కథే గుర్తుచెయ్యండి. లక్క ఇల్లు కాలిపోయాక అడవిలో అందరూ నిద్రపోతుంటే భీముడు కాపలా కూర్చున్నాడు. వాళ్ళని చంపుకు రమ్మని అన్న పంపితే వచ్చిన హిడింబ భీముణ్ణి చూసి మనసు పారేసుకుంది, రాక్షస రూపం వదిలి అందమైన మనిషి రూపం కట్టింది. అక్కడితో ఆగలేదు. తానెవరో, ఎందుకు వచ్చిందో, అన్న ఏం చెయ్యమన్నాడో మొదటి పలకరింపులోనే ఉన్నదున్నట్టు చెప్పేసింది. మారీచుడు బంగారు లేడి అయింది మోసానికి, ఈవిడ రూపం మార్చింది ప్రేమకి, నిజం దాచకుండా. ఆ తర్వాత వెళ్ళి కుంతిని వేడుకుంది. పగలంతా భీముడితో విహరించు, రాత్రికి తిరిగి తెచ్చి అప్పగించాలి అని ధర్మరాజు షరతు పెట్టాడు. రూపం మార్చే అమ్మాయి, కాబోయే అత్తగారి అనుమతి, ఇంటికి వేళకి రావాలనే నియమం: ఆదిపర్వంలో ఉన్నదాన్ని ఎవరు విడ్డూరం అంటారు? ఆడగుర్రమై తిరుగుతున్న సంజ్ఞాదేవి కోసం సూర్యుడు తానూ గుర్రమైన కథ కూడా ఆవిడకి తెలిసే ఉంటుంది, అశ్వినీ దేవతలు వాళ్ళ బిడ్డలే.

అప్పుడు మీరు చదివినవాటిలో ఒకటి తెలుగులో కథగా చెప్పండి. ముక్కుతో అన్నీ పసిగట్టే అమ్మమ్మ ఉన్న తోడేళ్ళ కథ అయితే మేలు. మారడం, మాయ, గుంపు రాజకీయాలు మొదట ఎత్తుకోకండి. అబ్బాయి చొక్కా వాసన చూసి అమ్మమ్మ పెళ్ళి ఖాయం చేసేసిన సీనుతో మొదలుపెట్టండి. ఆవిడ తోడేలు అన్న సంగతి, అత్తయ్యగారు "ఎవరీవిడ, ఇంత గడసరి?" అని అడిగినప్పుడు చెప్పండి.